బానెట్ కింద బొట్టు

షీటు 1. సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఇంట్లో ఉన్నది ఒక్క పెన్సిలు, అదీ నా చిటికెన వేలంత. కొత్తది కొందామంటే ఈ చుట్టుపక్కల ఎక్కడా అమ్మడం లేదు. అందరూ గోడకి చెబుతారు, గోడ రాసుకుంటుంది. నాకూ ఒక గోడ ఉంది. కాని గోడకి చెప్పింది గోడ దగ్గర ఆగదు. ఈ సంగతి ఎక్కడో ఒకచోట ఆగాలి. అందుకని కాగితం తీశాను.

కాగితానికి కొరత లేదు. బస్సులు తిరిగిన రోజుల్లో డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు మేస్త్రీగా చేశాను. బస్సులు పోయి డిపో బ్యాటరీల కొట్టంగా మారిన రోజున అందరూ జాకీలూ పానాలూ పట్టుకుపోతుంటే నేను లాగ్‌షీట్ల కట్టలు రెండు మోసుకొచ్చాను. నవ్వారు. నవ్వనీ. నాకు చదువు అబ్బింది వాటి మీదే. బడికి వెళ్ళింది రెండేళ్ళు. తక్కిన అక్షరాలన్నీ ‘బ్రేకు పట్టుట లేదు’, ‘హారను దానంతటదే మోగుచున్నది’ అని డ్రైవర్లు రాసిన ఫిర్యాదుల్లోంచి ఏరుకున్నవే. ఇప్పటికీ నా చేతికి పెళ్ళి శుభలేఖ ఇస్తే, లోపం ఎక్కడుందా అని వెతుక్కుంటాను.

అసలు సంగతి మరిడమ్మ బండి. ఘాటీ రోడ్డు ఏడో మలుపులో ఆగిపోయింది.

మరిడమ్మ మా ఇంటికి రెండు కొట్టాల అవతల ఉంటుంది. ఐసు కొట్టం ఆమెదే. నాకు మేనకోడలి వరస, మావా అని పిలుస్తుంది. గురువారం గురువారం చేపలు వేసుకుని కొండ మీద సంతకి వెళ్తుంది. సముద్రం పాత రోడ్డుని తినేశాక మా రేవు నుంచి పైకి మిగిలిన దారి ఆ ఘాటీ ఒక్కటే. చదునులో బండి బాగానే నడుస్తుంది. ఎక్కడం మొదలుపెట్టిందా, ఒళ్ళు కాలిపోతుంది.

‘ఉష్ణోగ్రత అనుమతించిన పరిమితిని మించినది. దయచేసి సేవాకేంద్రమును సంప్రదించగలరు’ అన్నదట బండి. మరిడమ్మ దానికి చెప్పిన జవాబు నేను రాయను. ‘క్షమించండి, మీ మాట స్పష్టంగా లేదు’ అన్నదట. కంపెనీ వాళ్ళు దానికి పత్రికల తెలుగు నేర్పి పంపారు. మా మాట దానికి ఎక్కదు. అందువల్ల మేము దాని ముందు ఏదైనా మాట్లాడుకుంటాం. ఆ రోజు రెండు గంపల కానాగంత చేపలు అక్కడే చెడిపోయాయి. మలుపులోని కోతులు కూడా వాసన చూసి తప్పుకున్నాయట.

సంతలో ఆ చేపల చోటు మరిడమ్మ తల్లి నెత్తిన గంప పెట్టుకుని నడిచి సంపాదించింది. వరసగా మూడు సంతలు తప్పితే చోటు వేరేవాళ్ళకి పోతుందని అక్కడి రూలు. ఎవరికి పోతుందో కూడా అందరికీ తెలుసు. చలిపెట్టెల్లో చేపలు పెట్టి అమ్మేవాళ్ళ డ్రోన్లు ఇప్పటికే సంత మీద చక్కర్లు కొట్టి కొలతలు తీసుకుంటున్నాయి. ఒక సంత పోయింది. ఇంక రెండు.

బానెట్ ఎత్తి చూస్తే అరపూటలో తేలిపోయే పని. కాని ఎత్తకూడదు. బానెట్ అంచు చుట్టూ నల్ల జిగురుతో ముద్ర వేసి ఉంటుంది. అది చిట్లినా, లోపల పరాయి చెయ్యి పడ్డట్టు తేలినా, ఏడాదికోసారి జరిగే తనిఖీలో బండిని కట్టేస్తారు. కట్టేయడమంటే తాడుతో కాదు. మళ్ళీ చక్రం కదలదు, అంతే. రేవు చివర గంగులు బండిని నాలుగేళ్ళ కింద అలా కట్టేశారు. ఇప్పుడది కోళ్ళ గూడు. నోరు మాత్రం ఇంకా పోలేదు. కోడి లోపలికి వెళ్ళినప్పుడల్లా బెల్టు పెట్టుకోమంటుంది.

ఈసారి తనిఖీ వచ్చే వారం కాక పై సోమవారం.

షీటు 2. బుధవారం

మరిడమ్మతో సేవాకేంద్రానికి వెళ్ళి వచ్చాను. లోపల చల్లగా ఉంది. పుదీనా వేసిన నీళ్ళు ఇచ్చారు. తరవాత చూస్తే చల్లదనానికి ఒక గీత, పుదీనాకి ఒక గీత బిల్లులో ఉన్నాయి.

మెడలో టై కట్టుకున్నాయన బండితో ఏకాంతంగా మాట్లాడి వచ్చి, శీతల విభాగం మార్చాలన్నాడు. అందులో ఏం పాడైందని అడిగాను. శీతల విభాగమే అన్నాడు. అందులో పంపు ఉంటుంది, గొట్టాలుంటాయి, రబ్బరు ఉంగరాలుంటాయి, వీటిలో ఏదని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, విభాగం అన్నాడు. మా కాలంలో దగ్గు వస్తే గొంతు చూసేవాళ్ళం. ఇప్పుడు మెడ మార్చాలంటున్నారు.

పంపు దగ్గర ఉంగరం పగిలి నీళ్ళు కారుతున్నాయని నా అనుమానం. బండి కింద తడి చూశాను, వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. తియ్యగా ఉంది, అంటే కూలెంటే. ఆ మాటే చెప్పాను. ఆయన మర్యాదస్తుడే. కోప్పడలేదు.

“మీరు చెప్పింది రాసే అధికారం నాకు లేదండి. బండి ఏం చెబితే అది రాయాలి. మనుషులు వాళ్ళ అవసరాన్ని బట్టి మాట్లాడతారు కదా” అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. అదే నాకు చిరాకు.

వాళ్ళు చెప్పిన అంకె మరిడమ్మ పాతిక సంతలు ఎక్కి దిగితే వచ్చేది. పైగా సామాను రావడానికి ఇరవై రోజులు. తిరుగు దారిలో మరిడమ్మ వేళ్ళ మీద సంతలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

షీటు 3. శుక్రవారం

రెండో సంతా పోయింది.

ఇది చాలదన్నట్టు కంపెనీ బండికి ఏదో కొత్త విద్య పంపింది. ‘ఇకమీదట మీ మాట తీరును అభ్యసించి, మీవలెనే సంభాషించగలను’ అన్నది బుధవారం సాయంత్రం. ఊరికే అంటుందిలే అనుకున్నాం. ఇవాళ చెక్‌పోస్టు దాటుతుంటే, “ఐసు శాన ఎక్కినాదమ్మా, ఎనక బరువైపోతన్నాది” అంది.

మరిడమ్మ మురిసిపోయింది. “సూశావా మావా, మన పిల్లైపోనాది” అంది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇన్నాళ్ళూ దాని ముందు మేం కంపెనీని ఏమన్నా దానికి ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతుంది. రేపెవరైనా అడిగితే చెబుతుంది. ఇక మీదట బండి గురించి మాట్లాడాలంటే ఐసు కొట్టం వెనక వలల దగ్గరికి రమ్మని చెప్పాను.

చెక్‌పోస్టు అంటే గుర్తొచ్చింది. అక్కడి గార్డు రోజూ ఎన్ని గంపలని అడుగుతాడు. మరిడమ్మ రోజూ ‘నాకేటి తెల్సు బావూ’ అంటుంది. గంపలు సర్దింది ఆమే. ఇది అబద్ధం కింద లెక్కకి రాదు. యూనిఫారం వేసుకున్నవాడు ఏది అడిగినా మా రేవులో పలికే మర్యాద అది. పడవ దొంగిలించినవాడూ అదే అంటాడు, పడవ పోగొట్టుకున్నవాడూ అదే అంటాడు. జనాభా లెక్కలాయన వచ్చి మా నాన్నని పేరేమిటని అడిగితే, ఆయన నోట్లోంచి కూడా ఈ మాటే వచ్చిందట. పైడయ్య అనే నా పేరు మా అమ్మ చెప్పబట్టి ఆ పుస్తకంలోకి ఎక్కింది. లేకపోతే నేను పుట్టినట్టు దాఖలా లేదు.

మూడో సంతకి ఆరు రోజులుంది. వలల దగ్గర కూర్చుని, విప్పుదామని నేనే అన్నాను.

షీటు 4. మంగళవారం

ఫిర్యాదు: ఎత్తు ఎక్కునప్పుడు ఒళ్ళు కాలుట. చేసిన పని: కింద చూడుడు.

ఆ నల్ల జిగురు మంటకి లొంగదు, కత్తి తగిలితే పొట్టు పొట్టుగా రాలుతుంది. దాని గుట్టు నాకు చెప్పింది మరిడమ్మ. పోయిన ఏడాది తనిఖీకి ముందు బానెట్ మీద ఐసు గంప పెట్టి మరిచిపోయిందట. వచ్చి చూస్తే ముద్ర ఒక మూల అప్పడంలా లేచి ఉంది. భయపడి గంప తీసేస్తే, ఎండకి మళ్ళీ అదే అతుక్కుపోయింది. కంపెనీ వాళ్ళు ఎన్ని పరీక్షలు చేసి ఉంటారో గాని, చేపలమ్మే మనిషి బానెట్ మీద గంప పెడుతుందన్నది వాళ్ళకి తట్టలేదు.

పదకొండు నుంచి నాలుగు వరకు ఎండ నిషేధం కదా. మనుషులు లోపల ఉంటారు, బళ్ళు నిద్రపోతాయి. బండిని ఐసు కొట్టంలోకి తోసి తలుపు మూశాం. పొడి ఐసు గోనెల్లో కట్టి అంచు పొడవునా పేర్చాం. గంట ఆగాలి. ఆ గంటలో మరిడమ్మ గోనెలు సర్దిందే సర్దింది. చివరికి నా పక్కన కూర్చుంది.

“మావా, ఇది పోతే మల్లీ నాకు నెత్తి మీద గంపే” అంది. “నడమంటే నడుస్తాను. గాని నా మెడ మా యమ్మ మెడ కాదు.”

“వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను.”

“ఆపమన్లేదు. సెప్తన్నాను, అంతే.”

ముద్ర ఒక్క ముక్కగా లేచింది, దోసె లేచినట్టు. తడి గోనె మీద పరిచి ఉంచాం. బానెట్ ఎత్తాను.

ముప్పై ఒక్క ఏళ్ళు మేస్త్రీగా చేసినవాణ్ణి, ఒప్పుకోవాలి, అంత శుభ్రమైన లోపలి భాగం నేనెప్పుడూ చూడలేదు. అంతా తెల్లగా, ఆస్పత్రి గదిలా ఉంది. మా బస్సుల్లో మూత ఎత్తితే పిచ్చుక గూళ్ళూ, డ్రైవరు దాచుకున్న చుట్టలూ, ఒకసారి ఎవరిదో పెళ్ళిపట్టు పంచె కూడా దొరికాయి. ఆ పంచె కథ వేరే షీటులో రాయాలి.

అనుమానించినట్టే పంపు దగ్గర రబ్బరు ఉంగరం. చిన్నపిల్ల గాజంత. ఉప్పుగాలికి ఎండి మూడుచోట్ల చిట్లింది. పాత పడవ ఇంజను రబ్బరు పలక ఒకటి నా దగ్గరుంది. బ్లేడుతో కోసి చూస్తే మొదటిది బిగువైంది, రెండోది వదులైంది, మూడోది కూర్చుంది. ముందరి జాలీలో ఇరుక్కున్న చేప పొలుసులు కూడా దులిపాను, దోసెడు వచ్చాయి. కూలెంటు పోశాను. పాతిక సంతల కష్టం ఆ గాజంత రబ్బరు ముక్కలో ఉంది.

పని మధ్యలో ఒకసారి బండి మాట్లాడింది. ఇద్దరం కొయ్యబారిపోయాం.

“వాతావరణం శాన బాగున్నాది” అంది. మళ్ళీ నిద్రపోయింది.

ఐసు చలికి అలా అనిపించి ఉంటుందని మరిడమ్మ. అంతకుమించి ఏం తెలిసిందో అని నేను. అడగలేం కదా.

బానెట్ మూసి, ముద్ర ఎక్కడిదక్కడ పరిచి, నాలుగింటికి బండిని ఎండలోకి తోశాం. అరగంటలో అతుక్కుంది. కళ్ళద్దాలు పెట్టుకుని అంచు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎక్కడా గీత లేదు. ఘాటీలో నాలుగో మలుపు దాకా ఎక్కించి చూశాం. చల్లగా ఉంది.

షీటు 5. బుధవారం

ఉదయం పళ్ళు తోముకుంటుంటే నా కుడి చేతి ఉంగరపు వేలి కొస ఎర్రగా కనిపించింది. దెబ్బ తగిలిందేమో అని కడిగాను. దెబ్బ కాదు. కుంకం.

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

డిపోలో ఒక పద్ధతి ఉండేది. ఏ బండి విప్పినా, మూసే ముందు ఇంజను మీద కుంకం బొట్టు పెట్టాలి. బొట్టు లేకపోతే డ్రైవరు తాళం ముట్టడు. మేస్త్రీ పని పూర్తి చేశాడనడానికి సంతకం కన్నా అదే గుర్తు. నా పానాల సంచిలో కుంకం డబ్బా పదో నంబరు పానా పక్కనే ఉంటుంది. పానా సంచిలో పెట్టగానే చెయ్యి దానంతటదే డబ్బా మీదికి వెళ్ళిపోతుంది. నిన్న కూడా వెళ్ళిందన్నమాట. నాకు పెట్టినట్టు జ్ఞాపకం లేదు. కాని ఆ తెల్లటి పంపు మూత మీద ఎర్రగా, రూపాయి బిళ్ళంత బొట్టు ఉందని నా వేలికి తెలుసు.

మళ్ళీ ఐసు పెట్టి తీసి తుడిచేద్దామని ముందు తోచింది. గంగులు కోళ్ళగూటి దగ్గరికి వెళ్ళి దాని పాత ముద్ర ముక్క మీద పరీక్ష చేశాను. మొదటిసారి అప్పడంలా లేచింది. ఎండలో అతికించి రెండోసారి పెడితే పొడైపోయింది. అంటే ఆ దారి ఒక్కసారికే.

తనిఖీలో వాళ్ళు సొంత జిగురు మందు పోసి ముద్ర తీసి, లోపల చూసి, కొత్తది వేస్తారు. చూడకుండా వదలరు.

మధ్యాహ్నం మరిడమ్మకి వలల దగ్గర చెప్పాను. తిడుతుందనుకున్నాను.

“బొట్టెట్టి ఊరుకున్నావా, పూలు కూడా ఎట్టావా?” అంది.

“పూలు లేవు.”

“అయితే సగం పెల్లే అయినాది” అని లేచి, రేపటి సంతకి ఐసు కొట్టడానికి వెళ్ళిపోయింది. కాని గునపం దెబ్బలు రోజూకన్నా గట్టిగా వినిపించాయి.

షీటు 6. గురువారం

బండి ఘాటీ ఎక్కింది. ఏడో మలుపులో మరిడమ్మ కావాలని ఆపి, దిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసిందట. సంతలో తన చోటు పక్కన చలిపెట్టెల వాళ్ళ మనిషి కొలతల టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఈమె గంపలు దింపుతుంటే టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడట. గంపలన్నీ అమ్ముడయ్యాయి. నాకు రెండు కొండచీపుళ్ళు తెచ్చింది. చీపురు నాకెందుకని అడిగితే, ఇల్లు చూశావా అంది.

చోటు దక్కింది. ఇంక బండి దక్కాలి. సోమవారానికి నాలుగు రోజులు. తనిఖీ ఆయన అడిగితే చెప్పడానికి ఒక కథ కట్టుకున్నాను. ఫ్యాక్టరీలోనే ఎవరో భక్తులు పెట్టి ఉంటారని. బాగానే ఉందనిపించింది. తరవాత గుర్తొచ్చింది, మనుషులు చెప్పింది వాళ్ళు రాయరు.

షీటు 7. సోమవారం

రేవు దగ్గర పందిరి వేశారు. బళ్ళు పద్దెనిమిది. మరిడమ్మది పదకొండోది. తనిఖీకి వచ్చినాయన పేరు గౌరీశ్వరరావు అని జేబు మీద రాసి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. ప్రతి బానెట్‌నీ రెండు చేతులతో, గిన్నె మీద మూత తీసినట్టు తీస్తున్నాడు. పదో బండి వేళకి నేను కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకున్నాను. మరిడమ్మ మొహాన చెమట లేదు. కొంగు మాత్రం వేలికి చుట్టి చుట్టి తాడు చేసింది.

మందు పోశాడు. ముద్ర తీశాడు. బానెట్ ఎత్తాడు. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“ఇది ఎవరు పెట్టారమ్మా?”

“నాకేటి తెల్సు బావూ” అంది మరిడమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. ఫ్యాక్టరీ భక్తుల కథ నాలుక కొస దాకా వచ్చింది. నోరు తెరిస్తే, “నాకేటి తెల్సు బావూ” అనే వచ్చింది. మా నాన్న గుర్తొచ్చాడు.

మీ మాటలు నేను ఎలాగూ రాసుకోనని చెప్పి, ఆయన బండి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు. కాగితం మీద వరసగా గడులున్నాయి. అచ్చు కాగితం, చాలా ఏళ్ళ తరవాత చూశాను.

“వాహనమా, తనిఖీ అధికారిని అడుగుతున్నాను. నీ బానెట్ ఎవరైనా తెరిచారా?”

బండి దీపాలు ఒకసారి వెలిగి ఆరాయి. ఎప్పుడూ వెంటనే జవాబిచ్చేది, ఈసారి ఆగింది. చెక్‌పోస్టు దగ్గర మరిడమ్మ ఆగినంతసేపు.

“నాకేటి తెల్సు బావూ” అంది.

ఆయన మళ్ళీ అడిగాడు. తెరిచారో లేదో స్పష్టంగా చెప్పమన్నాడు.

“ఏటో బావూ” అంది బండి. “ఆ యేల వాతావరణం మాత్రం శాన బాగున్నాది.”

మరిడమ్మ కొంగు తాడు వదిలేసింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. పెన్ను కాగితం మీద ‘అవును’ గడి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ‘లేదు’ గడి దాటింది. అడుగున ‘తెలియదు’ అని ఇంకో గడి ఉంది. దాన్ని వాడాల్సిన అవసరం అప్పటిదాకా వచ్చినట్టు లేదు. ఆయన అది ఉందా అని కళ్ళు చికిలించి చదువుకున్నాడు.

“బండి చెప్పిందే రాయాలి” అన్నాడు, మాతో కాదు, తనతో. ఆ గడిలో టిక్కు పెట్టాడు.

పంపు ఉంగరం మీద వేలు పెట్టి ఒకసారి నొక్కి చూశాడు. బొట్టు తుడవలేదు. బానెట్ మూసి, కొత్త జిగురు వేసి, మూల మీద సంతకం పెట్టి పన్నెండో బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మరిడమ్మ బండి కడిగింది. బానెట్ మీద ఆయన పెన్ను మరిచిపోయాడని తెచ్చి నాకిచ్చింది. నీలం సిరా. ఈ షీటు దాంతోనే రాశాను.